ఒక అక్షరం ఖరీదు

స్వాన్సీలో మూడో అంతస్తు. కిటికీ అవతల
వాన సముద్రం మీద పడుతోందో
సముద్రమే లేచి మా మీద పడుతోందో
ఇక్కడ ఎవరూ అడగరు.
చెవికి ఫోను తగిలించుకుని నేనడిగేవి వేరే:
రాత్రిళ్లు బండి ఎక్కడుంటుంది? తాళం, గొలుసు?
ఏడాదికి ఎన్ని మైళ్లు?
ప్రమాదం జరిగితే ముందు మీ జేబులోంచి ఎంత?

నెరిస్ ప్రాసర్. యాభై ఏడేళ్లు.
పోంటర్‌డావేలో రొట్టెల దుకాణం.
తెల్లవారుజామున మూడింటికి బయలుదేరుతుందట.
"పడుకున్న గొర్రె కూడా తలెత్తదు, అంత నెమ్మదిగా."
ఆరువందల యాభై సీసీ. పంతొమ్మిదేళ్ల ముసలిది.
వెనక పెట్టెలో ఈస్టు, ఎండుద్రాక్ష,
మార్చుకోడానికి ఒక జత పొడి మేజోళ్లు.

నా తెర ఇవేమీ వినలేదు.
బండి పేరు కొట్టగానే గోత్రం చెప్పేసింది:
స్పోర్ట్. పద్నాలుగో తరగతి.
ఆరువందల నలభై పౌన్లు.

"పోయినేడు నాలుగొందలే కదా!"
అవునండీ. పోయినేడు జాబితా వేరు.
"నేను మారలేదు. బండి మారలేదు.
దారిలో గుంతలు కూడా అవే."
అవునండీ.
ఎవడో కుర్రాడు, ఏ మలుపులోనో గోడని గుద్దినవాడు,
ఇలాంటి బండి మీదే ఉన్నాడు.
వాడి లెక్క ఈవిడ పద్దులో పడింది,
ఎవరో తిన్న విస్తరి ఎవరో ఎత్తినట్టు.

అప్పటికే మూడు చోట్ల అడిగిందట.
ఒకరు దొంగతనం కవరు తీసేయమన్నారు.
ఒకరు శిక్షణకి వెళ్లి కాగితం తెమ్మన్నారు.
వెళ్లింది కూడా.
నలభై పౌన్లు తగ్గాయి, శిక్షణకి అరవై అయింది.
ఆ మాట చెప్పి తనే నవ్వింది,
నాకు నవ్వొచ్చింది గానీ మా కాల్స్ రికార్డవుతాయి.

ఎందుకడిగానో:
ముందు భాగానికి ప్లాస్టిక్ తొడుగుందా?
ఉంది. ఎర్రది. భుజాల మీంచి కిందిదాకా.
రిజిస్ట్రేషన్ కాగితంలో బండి పేరు చివర
ఎస్ అనే అక్షరం ఉందా?
సొరుగు లాగిన చప్పుడు. ఇంకో సొరుగు.
పిండి చేతులు కడుక్కుంటున్న నీళ్లు.
లేదు. ఎస్ లేదు.

ముందెవరో సొంతదారు, సోకు కోసం
ఎక్కడిదో తెచ్చి తగిలించిన తొడుగు.
గుమ్మడికాయల దొంగ ఎవరంటే
భుజాలు తడుముకున్నది అదే.

తీసేసి నాలుగు వైపులా ఫొటోలు పంపమన్నాను.
ఆదివారం పంపింది.
రేకుల షెడ్డు, పెయింటు డబ్బా మీద పిల్లి,
మధ్యలో బండి,
డాక్టరు ముందు చొక్కా విప్పినవాడిలా
పక్కటెముకలు కనిపిస్తూ, కాస్త సిగ్గుగా.
పదకొండో తరగతి. నాలుగొందల ఇరవై.
"ఇంజను అదే కదా?"
అదే.
"మరి?"
మరి నాకేం తెలుసు. నేను బస్సులో వచ్చేదాన్ని.

జనవరిలో మళ్లీ అదే గొంతు, ముక్కు దిబ్బడతో.
"ఆ తొడుగు ఎంత గాలిని మింగేదో
ఇప్పుడు తెలుస్తోంది.
కొండ దిగేసరికి వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాను,
పదీ ఉన్నాయో లేదో అని."
రెండొందల ఇరవై పౌన్లకి ఎంత చలి వస్తుందో
మా పట్టికలో గడి లేదు.

"చిన్న అద్దం పెట్టుకోవచ్చా, ఛాతీకి అడ్డంగా?
తెల్లది. ఆర్భాటం ఏమీ ఉండదు."

తెర మీద ప్రశ్న మెరిసింది:
అద్దం ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు?
నా వెనక సూపర్‌వైజరు టీ కలుపుకుంటోంది,
చెంచా చప్పుడు ఆగేదాకా ఆగి
పెట్టుకోండి, అన్నాను.
ఎత్తు అడగలేదు.